కాలు పెట్టని పొద్దు

నేను ఎదురుకాళ్లతో పుట్టానట. అందుకని ఇటిక్యాల చుట్టుపక్కల ఎవరికి నడుము పట్టినా, మెడ పట్టినా నా దగ్గరికి వచ్చేవారు. అట్లా పుట్టినవాడు పరగడుపున ఎడమ కాలితో మూడుసార్లు తాకితే, మూడు పొద్దుల్లో పట్టు విడుస్తుందని నమ్మకం. మమ్మల్ని వాకిలి దాటనివ్వని పెద్ద రైతులు కూడా ఆ పూట నా కాలి ముందు మెడ వంచి కూర్చునేవారు. కాలు పెట్టాక నేను చెప్పేది ఒకటే. ఇసుక వేయించి, మూటగట్టి కాపడం పెట్టుకొమ్మని, నాలుగు రోజులు నెత్తిన బరువు ఎత్తొద్దని. ఏది పనిచేసేదో నాకు తెలియదు. చాలామందికి తగ్గేది.

పెద్ద యుద్ధం నడుస్తున్న రోజులు. జొన్న కోతల్లో వారం నుంచి వంగి వంగి నా నడుమే లేవడం లేదు. పొద్దున్నే రామచంద్రయ్య పటేలు కబురు పంపాడు. మేము ఆయన చేలో కూలీలం. పిలిస్తే పోక తప్పదు.

ఆయన కూతురు నాగేంద్రమ్మ చాప మీద పడి ఉంది. కళ్ల మీద కొంగు కప్పుకుంది.

"నిన్న కంకుల గంప మోసింది. మెడ పట్టింది, తల పగుల్తుందని ఒకటే ఏడుపు," అన్నది తల్లి లక్ష్మీదేవమ్మ. "జల్ది కాలు పెట్టు యోసేపూ. ఇంకా గంజి గూడ తాగలే పిల్ల."

కాలు చాపాను. అరికాలు మెడకు ఆనిందో లేదో వెనక్కి తీసుకున్నాను. పెనం మీద పెట్టినట్టు కాలింది.

"తల్లీ, గదుమ రొమ్ముకు ఆనించు," అన్నాను.

ఆనించలేకపోయింది. తల్లి తల కింద చెయ్యి పెట్టి లేపబోతే మెడ కట్టెలాగా ఉంది. మోకాళ్లు వాటంతట అవే ముడుచుకున్నాయి. పిల్ల పక్కకు తిరిగి కక్కింది.

"ఇది పట్టు గాదు పటేలా. గద్వాల దవాఖానకు తోల్కపోండ్రి."

"కాలు పెట్టరా అంటే దవాఖాన అంటవేంది?" పటేలు లేచాడు. "ఎడ్లు రెండూ కళ్లంల ఉన్నయి. మూడు పొద్దులు సూద్దాం."

"మా మెడలు నీ కాలికి ఆనుతలేవేమో," అన్నది లక్ష్మీదేవమ్మ. "ఇంకేమన్న కావల్నా? అడుగు, సిగ్గు పడకు."

నాకు ఓపిక లేదు. కాలు పెట్టి వెళ్లిపోతే వాళ్లు సంతోషిస్తారు, నా కూలి నిలుస్తుంది. మూడు పొద్దులు ఇంట్లోనే ఉంచుకుంటారు. ఆ పిల్లకు మూడు పొద్దులు లేవు.

"మా తమ్ముడు యేసయ్య కొడుకు ఎట్ల పోయిండో ఎరికేనా మీకు?" అన్నాను.

"జరమొచ్చి పోయిండంట గద?" అన్నాడు పటేలు.

"గిట్లనే మెడ బిగిసింది, గిట్లనే కక్కిండు. ఒళ్లు కాలుతుంటే గూడ మూడు పొద్దులు కాలు పెట్టిన. నాలుగో పొద్దు నేనే మట్టి పోసిన. ఈ మాట యేసయ్యకు గూడ చెప్పలే."

లక్ష్మీదేవమ్మ నా కాలి వైపు చూసి, కూతురిని దగ్గరికి లాక్కుంది.

"బండి కట్టు," అన్నాడు పటేలు.

వెలుతురు పడితే పిల్ల అరుస్తోందని బండికి దుప్పటి కట్టాము. ఎడ్లను నేనే తోలాను. గద్వాల చేరేసరికి పొద్దు వాలింది. దవాఖానలో డాక్టర్ సాబ్ గదుమ రొమ్ముకు ఆనించమన్నాడు, నాలాగే. మెదడు పొరకు జ్వరం తగిలిందన్నాడు. ఏవో కొత్త గోళీలు మింగించాడు. పన్నెండు రోజులు పటేలు ఆ వరండాలో కూర్చున్నాడు. కళ్లంలో జొన్నలు వానకు తడిశాయి.

పిల్ల బతికింది. కోతలు అయిపోయాక వాళ్ల గొడ్ల కొట్టం దగ్గర కనిపించింది. బాగా చిక్కిపోయింది.

"యోసేపూ, ఆ పొద్దు కాలు ఎందుకు తీసినవు?" అని అడిగింది.

"కాలింది తల్లీ."

"జర గట్టిగ చెప్పు. ఆ జరమొచ్చినకాడి నుంచి ఈ పక్క చెవి ఇనపడ్తలేదు నాకు."

రెండో పక్కకు నడిచి మళ్లీ చెప్పాను.