పేరు చెప్పరాని నూనె

పుష్యమాసము నడుచుచుండెను. శిఖరాగ్రమునుండి జారిన హిమధూమము గుండ్లకోన యను గిరిపాదగ్రామమును గడపగడపకు గప్పి బాలభాస్కరకిరణములకు దారి యీక నిలిచియుండ పూర్వమెన్నడో దొరలు నీలగిరిసీమనుండి తెప్పించి నాటించిన యున్నతశ్వేతకాండములగు నీలగిరితరువులు మాత్రమా మంచును దలలతో జీల్చుకొని లేచి తమ కొడవలి యాకులనుండి బొట్టుబొట్టుగా నీరు రాల్చుచుండెను. ఆ యాకుల ఘాటు చలిగాలితో గలిసి యింటింట దూఱుచుండెను గాని దానిని మూర్కొనగలవా రెందఱు? ఆ యేడు రొంప పట్టని ముక్కు గుండ్లకోనలో లేదనిన నది యతిశయోక్తి గాదు.

ఆ ముక్కులన్నిటికిని దిక్కు ఓబుళమ్మ. అఱువదేండ్లు దాటిన యీ వృద్ధాంగన నాటువైద్యుడగు తండ్రికి నేకపుత్రిక. ఆమె పెరటిలో తులసి వావిలి అడ్డసరము వామాకు వస తమలపాదు మున్నగునవి యొకదానినొకటి యొరసికొనుచు బెరుగుచుండ వాని నడుమ నొక నీలగిరిచెట్టు పేరంటమునకు వచ్చిన పెద్దముత్తైదువవలె నిలిచియుండెను. మిరియములు చేర్చిన తులసికషాయమున దగ్గును అడ్డసరపు రసమున గఫమును వావిలాకు కాచిన నీట బాలింత యొడలినొప్పులను నీలగిరియాకుటావిరిచే నూపిరిబిగువును బాపుచు నామె యా పల్లెలో నలువదేండ్లనుండి ప్రాణము లెన్నియో నిలిపినది. ఓబుళమ్మ హస్తవాసి యనిన జాలును జనులకు సగము రోగ మప్పుడే పోవును.

అయిన నామె మందులపేరు మాత్రము నరమానవు డెఱుగడు. తండ్రి మరణకాలమున నామెచేతిని మందు నూరు కల్వముపై బెట్టించి యొట్టు వేయించుకొనెను. "అమ్మా, పెరటిచెట్టు మందుకు పనికిరాదంటుంది లోకం. పేరు తెలిసిందా, మందు పారదు. నోరు జారితివా, నీ హస్తవాసి నిన్ను విడిచిపోతుంది" అని యా వృద్ధుడు పలికిన పలుకు లామె గుండెలో మేకులై నాటుకొనెను. నాటనుండి యామె యాకు కోయునపుడు మాటలాడదు. మందిచ్చునపుడు పేరు పలుకదు. బుడ్డి మూతికి నల్లదారము చుట్టియున్న నది మేనిపై రాయుటకును ఆవిరి పట్టుటకును ఎఱ్ఱదారము చుట్టియున్న నది లోనికి ద్రాగించుటకును అని మాత్రము సెలవిచ్చును. ఆ రెండు దారములే గుండ్లకోనకు వైద్యశాస్త్రము.

రెండునాళ్లక్రిందట రెడ్డెమ్మ యను కాపుపడుచు మూడేండ్ల కూతురు మంగకు రొమ్ము పడిశమునిండి గురగురలాడుచుండగా నెత్తుకొనివచ్చినప్పుడును ఓబుళమ్మ యట్లే రెండు బుడ్లిచ్చెను. నల్లదారపు బుడ్డిలో నీలగిరినూనె. ఎఱ్ఱదారపు బుడ్డిలో వామును బట్టీలో మరగించి యావిరినుండి దించిన నీరు. రెండును ఒక్కతీరు ముదురుగాజు బుడ్లే. రెండింటిలోని ద్రవమును నీళ్లవలె దేటయే. ఈ పోలిక యేనాడును గీడు చేసియుండలేదు గనుక నీనాడును జేయదని యామె నమ్మెను. నమ్మకము మంచిదే గాని కన్ను మూసికొనిన నమ్మకము చెడ్డది.

ఆ మంచువేళ ఓబుళమ్మ తులసి మొదట నీరు పోయుచుండగా రెడ్డెమ్మయత్త సుంకమ్మ పైట జాఱుటయైన నెఱుగక పరుగెత్తుకొనివచ్చి "ఓబుళమ్మక్కా, కొంప మునిగింది! బిడ్డకు ఉలుకూ పలుకూ లేదు. కొత్త డాక్టరు కాడికి ఎత్తుకపోయినారు. రా తల్లీ!" యని బావురుమనెను. ఓబుళమ్మ చేతిచెంబు జాఱి తులసికోటపై బడెను. ఆమె చెప్పులైన దొడుగక నడిచెను.

ధర్మాసుపత్రి వీధిచివర నున్న పెంకుటిల్లు. అందు బల్లపై మంగ వాడిన తోటకూరకాడవలె వ్రేలాడుచు బడియుండెను. కన్నులు సగము మూతపడియుండెను. పెదవులు పాలిపోయి యుండెను. ఓబుళమ్మ బిడ్డచేయి పట్టబోయి యా మణికట్టున నున్నదానిని గాంచి నిలువునం గొయ్యబాఱెను. ఎఱ్ఱదారమును నల్లదారమును జమిలిగా బేని యచట గట్టియుండెను!

"రెడ్డెమ్మా, ఈ దారాలు యాడివి?" అని యామె యడిగెను.

"నీ బుడ్లవే అవ్వా. నీ చేతి దారాలు గదా, దిష్టి తగలకుండా పేనికట్టినా."

"మరి ఏ బుడ్డిలోది తాపితివి?"

"రెండూ ఒక్కతీరుగానే ఉండె. నాకూ ముక్కు దిబ్బడ, వాసనే తెలీలా. అర ఉగ్గుగిన్నెడు తాపినా."

అప్పటికే రొంప వదలియున్న ఓబుళమ్మ వంగి బిడ్డ నోటియొద్ద ముక్కు పెట్టెను. నీలగిరిఘాటు గుప్పున గొట్టెను. ఇంక సందేహము లేదు. అక్కటా! దిష్టి తగులకుండ గట్టిన దారమే బిడ్డకు మృత్యుపాశమగుచున్నది. తల్లిని దూఱుటకు నోరాడదు. ఆ దారములకు మహిమ గలదని యూరివారిని నమ్మనిచ్చిన దెవతె? తానే.

వైద్యుడు పద్మనాభయ్య మూడుమాసములక్రిందటనే యా యూరికి వచ్చిన యువకుడు. ఆయన ముక్కును నెఱ్ఱబడి పనిచేయుట మానియుండెను. కొండగాలిలో నెల్లెడలను నీలగిరిఘాటే గనుక బిడ్డయూపిరిలోని ఘాటు నాయన వేఱుగా గుర్తింపనేర డయ్యెను. బిడ్డ కనుఱెప్ప లెత్తి చూచి "నల్లమందు గాని పెట్టినారా?" యని యడిగి యెవ్వరును ఔననకున్నను నమ్మక కక్కించు మందు కలుపసాగెను. సుంకమ్మ యంతకంటె వేగిరపడి యుప్పునీళ్ల చెంబు బిడ్డ పెదవులకడకు దెచ్చెను.

ఓబుళమ్మకు మిన్ను విఱిగి మీద బడినట్లయ్యెను. తండ్రి యామెతో మఱియొకమాటయు జెప్పియుండెను. ఈ నూనె కడుపులోనికి బోరాదు. పొరబాటున బోయినచో గక్కింపరాదు. కక్కునపుడది యూపిరితిత్తులలో దూఱి ప్రాణమును దీయును. ఆ మాటయు నామె యొక్కతెకే తెలిసిన రహస్యము.

"అవ్వా" అని వైద్యు డామెవైపు దిరిగెను. "మీ మందులో ఏముంది? పేరు చెప్పండి. పేరు తెలియకుండా నేను చేసే వైద్యం చీకట్లో రాయి విసరడమే."

ఆమె నోరు తెఱచులోపల రెడ్డెమ్మ యామె పాదములపై బడెను. "చెప్పొద్దవ్వా! నీకు మొక్కుతా. పేరు చెప్తే మందు పారదు. నీ హస్తవాసి పోతే నా బిడ్డ నాకు దక్కదు!" గుమ్మమున మూగిన జనులును "చెప్పొద్దు తల్లీ, చెప్పొద్దు" అని యేకకంఠమున మొఱవెట్టిరి. ఔరా! ఏ తల్లి బిడ్డకై నోరు విప్పవలయునో యా తల్లియే నోరు మూయుచున్నది. తండ్రి వేయించుకొనిన యొట్టు వెనుక. ప్రాధేయపడు గ్రామము ముందు. నడుమ నర్ధనిమీలితనేత్రయై మూడేండ్ల పసికూన. ఓబుళమ్మ తన చేతివైపు చూచుకొనెను. ఆ చేయి లేని ఓబుళమ్మ యెవతె? కూలికిని బనికిరాని ముసలిది. ఆ భయ మామెకు నిజముగా గలిగెను. దాచనేల?

చెంబు బిడ్డ పెదవుల దాకెను.

అంతట నామె పెనుకేక పెట్టి యా చెంబును జేతితో గొట్టెను. ఉప్పునీళ్లు గోడనిండ జిందెను. "కక్కించొద్దు! అది నీలగిరి నూనె! మా పెరట్లో చెట్టుది. నీలగిరి నూనె సామీ, కక్కిస్తే ఊపిరిలోకి పోతుంది!"

వైద్యుడు కలుపుచున్న మందును దిగ్గున గ్రింద బెట్టి బిడ్డను బ్రక్కకు ద్రిప్పి పరుండబెట్టి మెడబిగువు సడలించి యూపిరి లెక్కింప మొదలిడెను. "ఇక కాచుకోవడమే అవ్వా" అని మాత్రము పలికెను.

వాన రాకడ ప్రాణము పోకడ యెవరెఱుగుదురు? పొద్దు నడినెత్తి కెక్కెను. ఒకపరి బిడ్డ కాలుసేతులు కొట్టుకొనెను. ఒకపరి యూపిరి సన్నగిలి దారపుపోగువలె నయ్యెను. అప్పుడు ఓబుళమ్మ చేయి తనంతట తానే బిడ్డయెదపైకి బోయెను గాని యా చేతిలో నింక వాసి లేదని తలచి నిప్పు దాకినట్లు వెనుకకు దీసికొనెను. ఆ చేతిని గొంగున జుట్టుకొని గోడవారగా గూర్చుండి యామె కన్నీరు గార్చెను. రెడ్డెమ్మ యామెవంక జూడనైన జూడలేదు.

ఎండ గుమ్మమునుండి వాలి బల్లకాలిని దాకువేళకు మంగ కదలెను. మూలిగెను. కన్ను విప్పి కోపముగా నలుదెసల బరికించి "అమ్మా, గంజి" యనెను. ఆ యొక్కమాటకు రెడ్డెమ్మ యేడ్చిన యేడ్పు వీధి కొసదాక వినబడెను.

"అవ్వా" అని వైద్యుడు చెమటదుడుచుకొనుచు ననెను. "మీరు పేరు చెప్పకుంటే నేనే కక్కించి ఉందును. బిడ్డ దక్కేది కాదు."

ఆమె యింటికి బోయి తలుపు వేసికొనెను. ఎనిమిది దినము లా తలుపు తెఱువబడలేదు. తొమ్మిదవనాటి యుదయమున రెడ్డెమ్మ బిడ్డను జంకనిడుకొని వచ్చి తలుపు దట్టెను. మంగరొమ్ము మరల గురగురలాడుచుండెను.

"నా చేత ఇంక పారదు, పోమ్మా."

"ఆ పొద్దు నీ నోరు మూయబోయింది నేనే అవ్వా. పేరు చెప్పి ఇయ్యి. పారుతుందో పారదో ఇద్దరం చూస్తాం" అని రెడ్డెమ్మ యరుగుపై జతికిలబడెను.

ఓబుళమ్మ తలుపు బార్ల దెఱచెను. పిమ్మట బానలో నీరు మరగించి పెరటిలోనికి బోయి యాకు దెచ్చెను. ఒక్కొక్కదానిని నీట వేయుచు నలువదేండ్ల మౌనమును విప్పుచున్నట్లు "ఇది తులసి. ఇది వావిలి. ఇది నీలగిరి" యని గట్టిగా బలికెను. మంటనుండి దింపి యావిరివేడి తగ్గినదాక నుంచి బిడ్డ నొడిలో గూర్చుండబెట్టుకొని యిరువురిపై దుప్పటి గప్పికొనెను. ఆ చీకటిగుడారములో మంగ "నీయగిలి నీయగిలి" యని ముద్దుగా వల్లించుచు దుమ్మెను. మరల దుమ్మెను. గొంతులోని గురక కొంచెము కొంచెముగా వదలెను. నాడు మొదలుకొని ఆ యింటి బుడ్లకు దారములు లేవు. ఏ చెట్టుమందో యా చెట్టాకే మూతికి గట్టబడుచుండెను. నూనెబుడ్డి మాత్రము విడిగా నటకకొక్కెమునకు వ్రేలాడుచుండెను.

లోకమున ననేకులు తమ శక్తి దాచిన మాటలో నున్నదని భ్రమింతురు. ఓబుళమ్మయు భ్రమించినదే. దుప్పటి దొలగించునప్పటికి మంగ యామె యొడిలోనే నిదురించుచుండెను. ఆ వృద్ధ తన చేతిని మెల్లగా బిడ్డయెదపై నుంచెను. ఎద తేలికగా లేచుచు దిగుచుండెను. ఈపరి యామె చేయి దీసికొనలేదు.