రెండు కార్ల క్రింద రెండు తువ్వాళ్ళు

మా అమ్మాయి జాయ్ ఉద్యోగం ఆ సోమవారం ఉదయం ఎనిమిది గంటల మీద ఆధారపడి ఉంది. ఔరాద్‌కు అవతల ఒక పల్లె ఆసుపత్రిలో ఆమె నర్సు. బీదర్ నుండి రోజూ బస్సులో వెళ్ళాలి. ఆ బస్సు ఒకనాడు ముందే పోతుంది, ఒకనాడు అసలే రాదు. ఆ నెల హాజరు పుస్తకంలో ఆమె పేరుకు ఎదురుగా అప్పటికే రెండు ఎర్రగీతలు పడ్డాయి. మూడవది పడితే ఒప్పందం పొడిగించేది లేదని డాక్టరమ్మ తేల్చి చెప్పింది.

అందుచేత ఒక పాత కారు కొనాలని నిశ్చయించాము. ఏది నమ్మదగినదో తేల్చే భారాన్ని, ఎవరూ అడగకుండానే, నేను నెత్తిన వేసుకున్నాను. నలభై ఏండ్లు పిల్లలకు పద్యాలు చెప్పినవాణ్ణి, ప్రార్థనామందిరంలో పెద్దను. పద్యంలో గణం తప్పితే నా చెవి ఇట్టే పసిగడుతుంది. అటువంటివాడికి కారులో దోషం దొరకకపోతుందా అన్నది నా ధీమా.

సిద్దు అనే వ్యాపారి ఆవరణలో మా తాహతుకు తగినవి రెండే ఉన్నాయి. ఒకటి పాలనురుగు వంటి తెల్లనిది. పెండ్లికొడుకులా ముస్తాబై, అత్తరు వాసనతో ఘుమఘుమలాడుతూ ఉంది. రెండవది ముదురు ఆకుపచ్చ. ఒక తలుపు మాత్రం నీలం. దానిని చూస్తే అతుకుల బొంత గుర్తుకు వచ్చింది. నా మనస్సు తెల్లదానికి తక్షణమే దాసోహమన్నది.

"సార్, ఇది ఒక్క చేతి బండి," అన్నాడు సిద్దు. "ఒక పెద్దమనిషి నడిపిండు. గుడికి, ఇంటికి తప్ప యాడికి పోలే."

నా భార్య హేబ్సిబా లోపలికి తొంగి చూసింది. "గుడికి, ఇంటికే పోతే సీట్లు గింతగనం ఎట్ల నలిగినయి బాబూ? ఆ పెద్దమనిషి కారులనే కాపురం పెట్టిండా?"

జాయ్ నవ్వు ఆపుకుంటూ, "నాయ్నా, గాలయ్య మామను పిలుద్దాం," అంది.

గాలయ్య నా చిన్ననాటి మిత్రుడు. చిమ్కోడ్ రైతు. ఔరాద్ సంతలో అతడు వీపు మీద చెయ్యి వేయనిదే ఆ చుట్టుప్రక్కల ఎవరూ ఎద్దును కొనరు. అయినా ఎద్దుల పరీక్షకుడికి యంత్రంతో ఏమి పని అని నేను చిరునవ్వు నవ్వి ఊరుకున్నాను. నా దగ్గర అంతకంటె ఘనమైన ఉపాయం ఉంది.

పూర్వం ఒక దైవభక్తుడు కళ్ళంలో గొఱ్ఱెబొచ్చు పరచి, మంచు దాని మీద మాత్రమే కురిస్తే అది దేవుని చిత్తమని గ్రహిస్తానని ప్రార్థించాడు. నేనూ అటువంటి సూచననే అడగదలచాను. ఆదివారం నేను బేరమాడను. కాని దేవుణ్ణి అడగడం బేరం కాదు గదా! ఆ సాయంకాలం ఆరాధన ముగియగానే రెండు తెల్లని తువ్వాళ్ళు తీసుకుని వెళ్ళి, ఒక్కొక్క కారు క్రింద ఒక్కొక్కటి పరిచాను. కారు క్రింద మంచు కురవడం అసంభవం. కాబట్టి తెల్లవారేసరికి ఏ తువ్వాలు తడిసి ఉంటే ఆ కారే దైవనిర్ణయం. తర్కంలో ఎక్కడా సందు లేదని మురిసిపోయాను.

సిద్దు నన్ను అనుమానంగా చూశాడు. "సార్, గిది మంత్రమా? మా ధందా మీద ఏమన్న పడ్తదా?"

"ఇది ప్రార్థన, నాయనా," అన్నాను గంభీరంగా.

సోమవారం తెల్లవారుజామున అందరమూ బయలుదేరాము. కారు కుదిరితే సరే, లేకుంటే ఆరున్నర బస్సు ఎక్కుదామని జాయ్ తెల్లకోటు చేత పట్టుకునే వచ్చింది. గాలయ్య కూడా వచ్చాడు. జాయ్ రహస్యంగా కబురు పెట్టిందట.

నేను మోకరించి ఆకుపచ్చ కారు క్రింది తువ్వాలు లాగాను. ఎండుటాకులా పొడిగా ఉంది. తెల్లకారు క్రిందిది లాగాను. తడి! నడిమధ్యన అరచేతి వెడల్పున తడి! నా కండ్లు చెమర్చాయి.

"హేబ్సిబా! జవాబు వచ్చింది! కురవనిచోట కురిసింది!"

ఆమె తువ్వాలును ముక్కు దగ్గర పెట్టుకుంది. "ఇదేం మంచు? నల్లగున్నది. జిడ్డుగున్నది."

ఒక్క క్షణం తడబడ్డాను. కాని శాస్త్రం చదివినవాడికి అర్థం దొరకకపోవడం అంటూ ఉండదు. "తైలం!" అని కేక పెట్టాను. "యాజకుల తలమీద పోసిన అభిషేక తైలం! మనం మంచు అడిగితే ఆయన అంతకంటె మిన్న అయినది అనుగ్రహించాడు!"

గాలయ్య పకపకా నవ్వి, నవ్వు పట్టలేక నేలమీద చతికిలబడ్డాడు. తలపాగా జారి ఒడిలో పడింది.

"ఓ విద్యాసాగరయ్యా! అభిషేకం కాదు, ఇంజను కారుతాంది! ఎద్దు యాడ కట్టేసుంటదో ఆడి నేల జూడాలె అని మా అయ్య చెప్తుండె. రోగముంటే నేల మీదనే దొరుకుతది. నువ్వు తెల్వకనే బరాబర్ పని చేసినవ్!"

అతడు లేచి తెల్లకారు బానెట్ మీద అరచెయ్యి ఆనించాడు. వెంటనే వెనక్కు తీసుకున్నాడు.

"సిద్దూ, గింత చలిల దీనికి జెరమెందుకొచ్చింది?"

సిద్దు నేలచూపులు చూశాడు. "చలికి బిగుసుకుంటదని... మీరొచ్చేముందు జర తిప్పిన మామా."

"సంతల ముసలెద్దుకు కల్లు తాపి నిలబెట్టినట్టు!" అని గాలయ్య మళ్ళీ నవ్వాడు. "ఎద్దును నిలబడ్డప్పుడు గాదు, లేచేటప్పుడు జూడాలె."

ఆకుపచ్చ కారు బానెట్ నిండా మంచు పట్టి ఉంది. వేలితో ఒక గీత గీశాడు. చల్లగా, నిజాయితీగా ఉంది ఆ గీత. "ఇది రాత్రంత పండుకున్నది. లేపు బిడ్డా."

జాయ్ తాళం తిప్పింది. గుర్రుమని ఊరుకుంది. సిగ్గులేకుండా చెబుతున్నాను, నా లోపల ఒక చిన్న ఆనందం మొలిచింది. రెండవసారి తిప్పింది. అంతే, ఒళ్ళు విరుచుకుని లేచి స్థిరంగా గుణగుణలాడింది. గాలయ్య రేకుకు చెవి ఆనించి విన్నాడు. నాలుగు టైర్లనూ నిమిరాడు. "కుంటెద్దుకు ఒక గిట్టనే అరుగుతది. దీనివి నాలుగూ ఒక్కతీరుగ అరిగినయి."

"మరి ఆ నీలం తలుపు?" అన్నాను, చివరి ప్రయత్నంగా.

"మచ్చలెద్దు దున్నదా?"

ఇక మిగిలింది బరువు పరీక్ష. గాలయ్య ఇంట మూడు తరాలుగా ఒక నియమం ఉంది: కొనేముందు ఎద్దును బండికి కట్టి, కొనేవాడి కుటుంబంతో పాటు అమ్మేవాడినీ ఎక్కించాలి. తన ఎద్దు కట్టిన బండి ఎక్కడానికి అమ్మేవాడే జంకితే, ఆ ఎద్దును గురించి మరి అడగనక్కరలేదు.

"రా సిద్దూ," అని గాలయ్య తెల్లకారు తలుపు తీశాడు. "ఇండ్ల కూసో. మన్నాఏఖేళ్ళి దాంక పోయొద్దాం."

సిద్దు ముఖం పాలిపోయింది. "అంత దూరమా? దాంట్ల... నాకు పొద్దుగాల పనున్నది మామా."

"మరి ఇండ్ల?" అని గాలయ్య ఆకుపచ్చదాని నీలం తలుపు తీశాడు.

సిద్దు చేతిలోని చాయ్ గ్లాసుతో సహా టక్కున ఎక్కి కూర్చున్నాడు. కూర్చున్న తరువాత గాని తాను ఏమి ఒప్పుకున్నాడో అతనికి తెలియలేదు. హేబ్సిబా కొంగు నోట కుక్కుకుని నవ్వింది.

ఆ నవ్వుల మధ్య జాయ్ గడియారం చూసుకుంది. "నాయ్నా! ఆరూ యాభై! బస్సు పోయింది!"

మూడవ ఎర్రగీత మా కండ్ల ముందే సాగుతున్నట్లు కనిపించింది. అప్పుడు గాలయ్య వెనుక సీటులోకి దూరుతూ, "మన్నాఏఖేళ్ళి వద్దు. ఔరాద్ దిక్కు పోనియ్యి బిడ్డా. ఇదే పరీక్ష!" అన్నాడు.

"నేను చెప్పులు గూడ ఏస్కోలే!" అని సిద్దు మొత్తుకున్నాడు. వినేవారెవరు? కారు కదిలింది. ముందు నేను, వెనుక హేబ్సిబా, గాలయ్య, వారిద్దరి మధ్య చాయ్ గ్లాసు పట్టుకున్న సిద్దు. కందిచేల మీద సూర్యుడు పైకి వస్తున్నాడు. పొడవైన ఒక ఎత్తు వచ్చింది. అందరమూ ఊపిరి బిగబట్టాము, మా ఊపిరి కూడా బరువేనన్నట్లు. కారు గొంతు సవరించుకుని, తొందరపడక, ఆగక, పైకి చేరింది. అంచు దాటగానే సగం దారిలో నిలిచి నిలిచి పోతున్న ఆ ఆరున్నర బస్సు కనిపించింది. దానిని దాటేటప్పుడు జాయ్ హారన్ మ్రోగించింది. ఒకసారి కాదు, అయిదుసార్లు. గాలయ్య కిటికీలోనుండి తలపాగా ఊపాడు. నాకు పద్యం తన్నుకు వచ్చింది. గొంతెత్తి చదివాను:

మెరుపు చూచి కొన్న మేను మోసము చేయు
లేచు తీరు చూడ లేమి తెలియు
నేల చెప్పు నిజము నిన్నటి గుట్టును
కారుకైన నెద్దుకైన నొకటె

"ఇంకోపారి!" అన్నాడు గాలయ్య. ఔరాద్ చేరేలోగా ఆ పద్యం నలుగురికీ కంఠస్థమయింది, సిద్దుకు కూడా.

ఎనిమిదికి పది నిమిషాలు ఉండగా ఆసుపత్రి ముందు ఆగాము. జాయ్ కోటు తొడుక్కుంటూ పరుగెత్తింది. కొంతసేపటికి కిటికీలోనుండి నీలి సిరా కలాన్ని ఎత్తి చూపింది. ఆ రోజు హాజరు పుస్తకంలో మొదటి సంతకం ఆమెదే.

హేబ్సిబా తువ్వాలును నా ఒడిలో పడేసింది. "దేవుడు సక్కగనే జవాబిచ్చిండు. మీరే ఉల్టా చదివిన్రు."

ఒప్పుకున్నాను. ఇంతకు మించిన వ్యాఖ్యానం నేను ఏ పండితుడి వద్దా వినలేదు. "ఉతకొద్దు చెల్లె," అని గాలయ్య ఆ తువ్వాలు తీసుకున్నాడు. "మా బండి ఇరుసుకు తుడుస్త."

సిద్దు ఒట్టికాళ్ళతో నేలమీద నిలబడి చాలాసేపు ఆలోచించాడు. తరువాత నా దగ్గరకు వచ్చి, ఎవరూ వినకూడదన్నట్లు మెల్లగా అడిగాడు:

"సార్, ఆ తువ్వాల ప్రార్థన నాకు జర నేర్పియ్యరాదుండ్రి? నేను గూడ బండ్లు కొంట కదా."