కేశవయ్య కడుపులో జనం

ఎర్రగుంట్లలో కేశవయ్య ఆరింటికల్లా కిరాణా కొట్టు తెరుస్తాడు. అగరుబత్తి వెలిగించి, త్రాసు తుడిచి గద్దె మీద కూర్చోగానే ఆయన కడుపులోని జనం లేస్తారు. సంత మాదిరి గోల. బేరానికొచ్చే వాళ్లకది అలవాటే.

"ఏం శెట్టీ, నీ వాళ్లు ఈ పొద్దు గొంతు తగ్గించినారే?" అన్నాడు లారీ డ్రైవరు శివన్న, బెల్లం తూకం వేయించుకుంటూ.

"ఎండలప్పా. వాళ్లకు మాత్రం నీరసం ఉండదా?"

ఎనిమిదేళ్లుగా కేశవయ్యకు విరేచనంలో రక్తం పడుతోంది. వేడి చేసిందని సబ్జా నీళ్లు తాగాడు. తగ్గనప్పుడల్లా చీటీ లేకుండా యాంటీబయాటిక్ మాత్రలు కొని మింగాడు. మింగిన ప్రతిసారీ లోపల ఒక వీధి ఖాళీ అయింది. పీచు అరిగించేవాళ్లు, పేగు గోడను కాపాడేవాళ్లు ముందు పోయారు. గోడను గీకేవాళ్లు మిగిలారు. గీకిన చోట వాపు, వాపు మీద మళ్లీ గీకుడు.

కూతురు హరిత కడపలో మైక్రోబయాలజీ చదువుతోంది. ర్యాలీల్లో గొంతు బొంగురుపోయేలా అరిచే పిల్ల.

"మంచోళ్లను తరిమేసి రౌడీల చేతికి ఊరు ఇస్తాండావు నాయనా! కడప ఆస్పత్రికి పోదాం రా. మౌనం కూడా నేరమే."

"ఆ ఉపన్యాసం మీ కాలేజీలో చెప్పుకో. మొలలకు కడప దాకా పోతారా ఎవరైనా? బేరం వేళ గద్దె దిగితే లక్ష్మి దిగిపోతుంది."

హరిత సెలవులకు ఇంటికొచ్చిన ఒక సోమవారం, బేరం జోరు మీదుండగా గోల ఆగిపోయింది. కొట్టు ముందున్న జనమూ మాటలాపేశారు. కేశవయ్య బొడ్డు కింద నుంచి సన్నటి గొంతు ఒకటి వినిపించింది.

"పాపా, గోడ కాసే మావాళ్లలో నేనొక్కదాన్నే మిగిల్నా."

హరిత షట్టర్ లాగేసింది. బేరానికొచ్చిన శివన్న తన లారీలోనే వాళ్లను కడపకు తీసుకుపోయాడు.

ఆస్పత్రిలో డాక్టరమ్మ యామిని కింద నుంచి కెమెరా గొట్టం పంపి చూసింది. ముందు మొలలు, పైన పుండ్లు పడి వాచిన పేగు.

"పేగుపూత, శానా పాతది. మందులు రాస్తాను," అంటూ గొట్టం వెనక్కి తీయబోయింది.

"తీయొద్దు తల్లీ," అంది కడుపులోని గొంతు. "ఇంకా పైకి రా. మలుపు దాటి చూడు."

పక్కనున్న నర్సు చెబితే విన్నంత మామూలుగా విని, డాక్టరమ్మ గొట్టం ముందుకు తోసింది. మలుపు అవతల గడ్డ. దారిని ముప్పాతిక మూసేసింది.

"క్యాన్సర్ లాగే ఉంది. ముక్క పరీక్షకు పంపుతా. ఏదైనా సరే, ఆ భాగం మొత్తం కోసి తీసేయాల్సిందే. బతుకుతాడని మాట ఇవ్వలేను. ఇది చూడకుండా ఇంటికి పంపుంటే మాత్రం ఏడాది కూడా కష్టం."

ఆపరేషన్ కాగితం చేతికిచ్చినప్పుడు హరిత తండ్రి కడుపు మీదికి వంగింది.

"నువ్వు యాడుంటావు?"

"గడ్డ పక్కనే పాపా. ఈడుండబట్టే కదా అది నాకు కనపడింది."

హరిత కలం మూత తీసింది.

మత్తు ఇంకా వదలని కేశవయ్య కళ్లు సగం తెరిచాడు. "ఏమంటాండాది?"

"నిద్రపొమ్మంటాండాది నాయనా," అంది హరిత, సంతకం పెడుతూ.