లోయ దాటని ఇంటిపేరు

గార్‌స్కెల్ అనే ఇంటిపేరు యార్క్‌షైర్‌లో ఆ ఒక్క లోయ దాటితే ఎక్కడా వినపడదు. చర్చి పక్కన సమాధి రాళ్ల నిండా అదే పేరు. బతికున్నవాళ్లలో మాత్రం ముసలి ఏమస్ ఒక్కడే మిగిలాడు. కూతురు హెస్టర్ పెళ్లయి స్మిత్ అయిపోయింది.

"దేశంలో స్మిత్‌లకేం కరువొచ్చిందని ఇంకొకణ్ణి కన్నావే?" అని మనవడి బాప్తిస్మం రోజు కూడా సణిగాడు.

"ముందు వాణ్ణి సరిగ్గా ఎత్తుకో నాన్నా, జారిపోతాడు," అంది హెస్టర్.

పాదిరి పిల్లవాడి పేరేమిటని అడిగాడు. తల్లి పుట్టింటిపేరునే బిడ్డకు పేరుగా పెట్టే పాత అలవాటొకటి ఆ లోయలో ఉంది. ఏమస్ మరిచిపోయాడు గాని, హెస్టర్ మరవలేదు.

"గార్‌స్కెల్," అంది. "గార్‌స్కెల్ స్మిత్."

"ఇంత పసివాడికి అంత బరువు పేరా," అని గొణిగాడు ఏమస్. నీళ్లు చల్లడానికి పాదిరి చేతులు చాచినా, మనవణ్ణి ఒక పట్టాన ఇవ్వలేదు.