బియ్యం డబ్బాలో సీతాఫలాలు

"ఏమే, పండినయా?" అని పొద్దున్నే అడుగుతాడు మా ఆయన భాస్కర్, కాయల్ని నేనేదో బుజ్జగించి పండిస్తున్నట్టు.

సీతాఫలాల్ని బియ్యం డబ్బాలో మాగబెట్టడం నా పని. మోచేతి దాకా చెయ్యి పెట్టి ఒక్కో కాయనూ బొటనవేలితో నొక్కి చూడాలి. గట్టిగా నొక్కితే నల్లబడుతుంది, ఆలస్యం చేస్తే బియ్యంలోనే పగులుతుంది. ఈ ఇంట్లో నాకంటూ ఒక చోటుందంటే ఆ డబ్బా లోపలే. చల్లటి బియ్యం చేతికి తగలగానే పొయ్యి మీది చిక్కుడుకాయ కూర, అత్తమ్మ దగ్గు, ఇస్త్రీ చెయ్యాల్సిన చొక్కాలు ఎక్కడికో వెళ్లిపోతాయి. శామీర్‌పేట గుట్టల మీద ఒక పిల్ల కనిపిస్తుంది. బండ మీద కూర్చుని, ఒడి నిండా ఉన్న పండ్లలో మంచిదే ఏరుకుని, గింజలు దూరంగా ఉమ్ముతూ తింటుంటుంది. అది నేనేనంటే నాకే నమ్మబుద్ధి కాదు.

పెళ్లయిన ఏడాది అత్తమ్మ చెప్పింది: "మంచియి మొగోళ్లకు వెట్టు బిడ్డా, పలిగినయి మనం తిందాం." ఆవిడా అవే తిని బతికింది, పాపం. కొన్నేళ్లకు ఆ మాట కూడా అక్కర్లేకపోయింది. "మా సుశీలకు పలిగినయే ఇష్టం" అని భాస్కర్ వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు, ముద్దుగానే. నాకు ఒళ్లు మండేది. నవ్వి ఊరుకునేదాన్ని.

ఈ కార్తీకంలో మా తూంకుంట మెట్టచెలక ఇళ్ల ప్లాట్లయిపోయింది. గట్టు మీది సీతాఫలం చెట్లు పీకించి, చివరి గంప తెచ్చి నా ముందు పెట్టాడు భాస్కర్.

"ఇగ అయిపోయినయే. గా పెద్దది పైలం. ఐతారం సుచిత్ర చౌరస్తా కాడి సేటు వస్తడు, ప్లాట్లు కొనేటాయన, ఆయనకు వెట్టు."

ఆదివారం పొద్దున చూస్తే పెద్దది పండింది. కళ్లు విచ్చుకుని, చేతిలో పసిపిల్ల తలలా మెత్తగా ఉంది. పండ్లన్నీ తీసి పళ్లెంలో పెట్టాను. మా అమ్మాయి స్నిగ్ధ వచ్చి, మంచివాటి మీదుగా చెయ్యి పోనిచ్చి, బియ్యపు గింజలంటిన పగిలిన పండు తీసుకుంది.

"మంచిది తీస్కోవే."

"వద్దమ్మా. నాకు గివే ఇష్టం, నీ లెక్కనే."

భాస్కర్ పేపర్ దించి మురిసిపోయాడు. "సూసినవా, అచ్చం తల్లి పోలికే!"

నాకు భయమేసింది. ఈ ఇంట్లో ఇంతకు ముందెప్పుడూ అంత భయం వెయ్యలేదు.

దాని చేతిలోది తీసి భాస్కర్ ముందు పెట్టాను. పెద్దపండును రెండుగా విప్పి, సగం దానికిచ్చి, సగం పట్టుకుని గడప దగ్గర కూర్చున్నాను.

"అరే, సేటుకని జెప్పిన గదనే!"

"నాకు పలిగినయంటె ఎన్నడూ ఇష్టం లేకుండె" అన్నాను, నోటి నిండా పండుతోనే.

మొదటి గింజ వాకిట్లోకి ఉమ్మాను. స్నిగ్ధ నా వంకా, వాళ్ల నాన్న వంకా చూసి, తనూ ఉమ్మింది. దాని గింజ నాదానికంటే దూరం పోయింది.