గోడ అవతల తీజ్ పాట

పూర్ణకళ నర్సు ఆ కాగితం మీద సంతకం పెట్టి పది రోజులైంది. సముద్రాల అవతలి దేశం నుంచి వచ్చిన కాగితం అది. మందులు వాళ్లిస్తారు. బదులుగా క్లినిక్‌లో కడుపు తీయించుకోవడం గురించి ఎవరూ నోరెత్తకూడదు, ఎక్కడ చేస్తారో కూడా చెప్పకూడదు. నేపాల్ చట్టం ఒప్పుకున్న పనే. వాళ్ల డబ్బు ఒప్పుకోదు, అంతే.

పెట్టనని ఐదు నెలలు మొండికేసింది పూర్ణకళ. ఆ ఐదు నెలలూ గుల్మి కొండల్లో కడుపు రాకుండా మూడు నెలలకోసారి వేసే సూదిమందు లేదు. సూది దొరక్క ఎవరికి నెల తప్పిందో, కాగితం రాసినవాళ్లకేం పట్టింది? చివరికి పెట్టింది. మందుల పెట్టెలు దిగాయి.

ఆడవాళ్లు పాటలు కట్టి ఆడే తీజ్ పండగ ఉపవాసానికి ముందురోజు, గురువారం పొద్దున్నే ధనకుమారి గిన్నెడు పాయసంతో క్లినిక్‌కి వచ్చింది. ముప్పై ఏళ్లుగా జీతం లేకుండా ఇల్లిల్లూ తిరిగి మాత్రలు పంచే ఆరోగ్య సేవిక ఆవిడ. సిగ్గనేది తప్ప ఆవిడ సంచిలో అన్నీ ఉంటాయి.

"పాయసం పెడితే విషం పెట్టినట్టు చూస్తావేమే?"

"నిన్న ఒకామె వచ్చిందక్కా. తొమ్మిది వారాలు. వద్దంది. ఎక్కడికి పోవాలని అడిగింది. బరువు చూసి ఐరన్ మాత్రలిచ్చి పంపాను."

"ఎవరామె?"

"అది చెప్పకూడదు."

"అదీ కాగితంలో రాశారా?"

"కాదు. అది నేను నర్సునైన నాటి నుంచీ ఉంది." పూర్ణకళ చెంచాతో పాయసం కెలికింది. "శనివారం సంతలో వేర్లమ్మేవాడి దగ్గరికి పోతానంది."

నిరుడు ఆ వేరు వాడినామెని డోలీలో ఆసుపత్రికి మోసుకెళ్లిన నలుగురిలో ధనకుమారి ఒకతి. ఆవిడ మొహంలో నవ్వు పోయింది. ఇంటింటికీ తిరుగుదామంటే ఏడు ఊళ్లున్నాయి, ఉన్నది రెండు రోజులే. కానీ ఈ మధ్యాహ్నం ఏడూళ్ల ఆడవాళ్లూ తీజ్ ఆటకి క్లినిక్ వాకిట్లోకే వస్తారు. కాగితం పంపిన దేశం నుంచి తనిఖీకొచ్చిన లోర్నా దొరసాని కూడా దాన్ని చూడ్డానికి కుర్చీ వేసుకుని కూర్చుంటుంది.

"ఆ కాగితం మీద నా సంతకం ఉందా?"

"నువ్వు మా మనిషివి కాదుగా, సర్కారు మనిషివి."

"క్లినిక్ ఎక్కడిదాకా?"

"గోడ దాకా."

ధనకుమారి గిన్నె అక్కడే వదిలి, సంచి భుజానేసుకుని వెళ్లిపోయింది.

మధ్యాహ్నానికి కొండ దారులన్నీ ఎర్రచీరలే. వచ్చినవాళ్లని వచ్చినట్టే గోడ బయట రోడ్డు మీదికి తోలింది ధనకుమారి. బస్సు ఆగిపోయింది. డ్రైవరు హారన్ కొడితే, మద్దెల వాయిస్తున్నామె ఆ హారన్‌కే తాళం కలిపింది. గేటు లోపల పూర్ణకళ. ఆమె పక్కన దొరసాని, ఆ పక్కన కాఠ్‌మాండూ నుంచి వచ్చిన దుబాసీ రొజిత్. ధనకుమారి కొంగు నడుముకి దోపి నడి రోడ్డులో నిలబడింది.

"ఎర్ర రేకుల ఆసుపత్రిలో సోమవారం తలుపు తీస్తారే
పైసా అడగరు, మొగుణ్ణి అడగరు, పేరు గుట్టుగ రాస్తారే!"

ఒక్క క్షణం గుంపు నోరు తెరిచింది. తర్వాత కేకలు, ఈలలు. వంద గొంతులు ఆ పాదం అందుకున్నాయి.

"పన్నెండు వారాలు దాటకముందే పరుగున పోవే చెల్లెలా
సంతలొ వేర్లు అమ్మేవాడి గడ్డం పీకవె ఊడేలా!"

"ఏమిటి పాడుతున్నారు?" అని దొరసాని అడిగింది. రొజిత్‌కి చెమటలు పట్టాయి. పూర్ణకళ వైపు చూశాడు. ఆమె పెదాలు బిగబట్టి ఆకాశాన్ని పరీక్షిస్తోంది.

"పుట్టింటి గురించండి" అన్నాడు. "సోమవారం పుట్టింటికి రమ్మని."

"ఎంత బాగుంది" అని దొరసాని లేచి, గేటు దాటి రోడ్డు మీదికొచ్చి, చేతులు తిప్పుతూ ఆడింది. వచ్చీరాని నాలుకతో "సోమవారం, సోమవారం" అని అందరికంటే గట్టిగా పాడింది. అది విని పూర్ణకళ ఇక ఆగలేక గోడకి మొహం ఆనించి నవ్వింది.

ఒళ్లు తెలియని ఊపులో ధనకుమారి ఇంకో పాదం కట్టింది.

"అత్తకు తెలిస్తే ఏమంటదని జంకుతావేమె పిచ్చిదానా
పాలివ్వని గేదే కదే అత్త, గడ్డేస్తే నోరు మూయదా!"

ఆవిడ కోడలు జసమాయ పక్కనున్నామె మీద పడి నవ్వింది. నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుంది. 'నన్ను గేదె అంటే దీనికెంత సంబరమో' అనుకుని ఇంకో గంతేసింది ధనకుమారి.

శనివారం సంతలో వేర్లమ్మేవాడి ఎదురుగా పీట వేసుకుని సాయంత్రం దాకా కూర్చుంది ధనకుమారి. ఒక్కతీ రాలేదు.

"పొద్దుణ్ణుంచీ బేరం లేదు. నీ మొహం చూసే" అన్నాడు వాడు.

"నా మొహానికి అంత పనితనం ఉంటే రోజూ తెస్తా" అంది.

సోమవారం పొద్దున ఆ ఒకామె వచ్చిందో లేదో చూద్దామని ఎర్ర రేకుల ఆసుపత్రి వైపు పోయే బస్సు దగ్గరికి పోయింది. ఒకరు కాదు, నలుగురున్నారు. ముగ్గురు గాజులు కొనడానికట. నాలుగో మనిషి జసమాయ. భర్త ఆషాఢంలో ఖతర్‌కి తిరిగి వెళ్లాడు. ఇంట్లో ముగ్గురు పిల్లలు.

"పుట్టింటికి పోతున్నానత్తా" అంది జసమాయ.

పుట్టింటి బస్సు అటు పోతుంది. ఇది ఇటు పోయేది. ఏడూళ్లకి చెప్పే ధనకుమారికి తన పొయ్యి దగ్గర కూర్చున్న మనిషి సంగతి తెలియలేదు. 

"నాకు చెప్పొచ్చు కదే?"

"ఎట్లా చెప్పను? ఊరందరికీ అక్కవి. నాకేమో అత్తవి."

ధనకుమారి బస్సెక్కి ఆమె పక్కన కూలబడింది.

"నువ్వూ వస్తే గేదెకి గడ్డెవరేస్తారత్తా?"

"ఏ గేదెకి?" అంది ధనకుమారి.

వెనక సీట్లోని ముగ్గురూ పగలబడి నవ్వారు. బస్సు కదలకముందే ఎవరో పాటెత్తుకున్నారు. డ్రైవరు విసుక్కుంటూనే హారన్ తాళం కొట్టాడు.