ఎర్రదనం లెక్కలోకి రాదు

రెండో స్నానం చేయించడం పూర్తయ్యేసరికి టైమి కోస్కెలా రబ్బరు ఏప్రన్ లోపల చొక్కా చెమటకి వీపుకంటుకుపోయింది. తొట్టి కడిగింది, మందునీళ్ళు చల్లింది, బ్రష్ విదిలించి కొక్కేనికి తగిలించింది. మళ్ళీ నీళ్ళు వదిలి మోచెయ్యి ముంచి వేడి చూసింది. గోడకి థర్మామీటరుంది. చూడమని వృద్ధుల హోమ్ వాళ్ళ ఆర్డరు కాబట్టి దాన్ని కూడా చూసింది. ముప్పై ఎనిమిది. మోచెయ్యి ఆ సంగతి ముందే చెప్పింది.

పొట్టి మనిషి, వెడల్పాటి భుజాలు. ఎప్పుడూ నీళ్ళలో నానే వేళ్ళకి చివర్లు ముడతలు పడి తెల్లగా ఉంటాయి. యాభై మూడేళ్ళకే మోకాళ్ళు అరిగిపోయాయి, వంగిన ప్రతిసారీ కటుక్కుమంటాయి. రోజుకి ఎనిమిది స్నానాలు, పాతికేళ్ళుగా. సరస్సు ఒడ్డునున్న ఆ ఊళ్ళో ఆమె రుద్దని పెద్దమనిషి వీపు లేదు. మేయరుగా చేసినాయన వీపు మీద పుట్టుమచ్చలెన్నో ఆవిడకి తెలుసు. ఆవిడ ఇంటి నంబరెంతో మాత్రం ఆయనకి తెలీదు.

ఆదివారం జాబితాలో మూడో పేరు మ్యూరియల్ ప్రెంటిస్.

ఈ పేరు కోసం టైమి రెండు వారాలుగా కాచుక్కూచుంది. ఎనభై నాలుగేళ్ళ ప్రెంటిస్ పదిహేను రోజుల తాత్కాలిక మంచం మీద హోమ్‌కి వచ్చింది. ఇవాళ్టితో గడువు సరి. ఆరో నంబరు గదిలో ఆవిడ చెల్లెలు ఐనెజ్ ఉంటుంది, చూపు పోయింది. ఆ గదిలో రెండో మంచం ఖాళీ. అది దొరికితే అక్కాచెల్లెళ్ళు ఒకచోట ఉంటారు. లేదంటే మూడు గంటల బండిలో ప్రెంటిస్ వైట్‌ఫాల్ హోమ్‌కి వెళ్ళిపోవాలి, మూడువందల కిలోమీటర్లు. శాశ్వత మంచానికి కావలసిన కాగితాల్లో డాక్టరు ఉత్తరం వచ్చింది, టీకాల కార్డు వచ్చింది, ఒక్క టీబీ టెస్టే మిగిలింది. గురువారం పొద్దున పదింటికి ముంజేతి చర్మం కింద సూది వేసి, చుట్టూ నీలి పెన్నుతో సున్నా చుట్టారు. డెబ్భై రెండు గంటల్లోగా నర్సు చూసి చదవాలి. అంటే ఇవాళ పదింటిలోపు.

గురువారం సూది, ఆదివారం చూపు. పాతికేళ్ళ కిందట టైమిది కూడా సరిగ్గా అంతే.

అప్పుడామె ఇదే హోమ్‌లో బట్టలుతికేది. పగలు దుప్పట్లు, సాయంత్రం పెద్దల బడి. రెండేళ్ళు చచ్చీ చెడీ ఇంగ్లీషు, లెక్కలు, జీవశాస్త్రం పాసయింది. కాలేజీలో ప్రాక్టికల్ నర్సింగ్ కోర్సుకి ఏమేం కావాలో రాసిన కాగితం వంటగది తలుపుకి అతికించుకుని ఒక్కో వరసా పెన్సిలుతో కొట్టేసుకుంటూ వచ్చింది. మార్కులు, పోలీసు కాగితం, ప్రథమ చికిత్స సర్టిఫికెట్, ఇద్దరు పెద్దమనుషుల ఉత్తరాలు, టీకాలు, అన్నీ అయ్యాయి. ఆఖరి వరస టీబీ టెస్టు. సోమవారం అప్లికేషన్లకి ఆఖరు. అప్పట్లో ఆ కోర్సు నడిపే ఈ ప్రెంటిసే అభ్యర్థుల్ని ఆదివారం చర్చి అయ్యాక కాలేజీకి రమ్మంది, చేతులు తనే చూస్తానంది.

మధ్యలో శనివారం వచ్చింది. ఫిన్లాండ్ నుంచి వలసొచ్చిన టైమివాళ్ళలాంటి ఇళ్ళలో శనివారమంటే సౌనా. ఆవిరి గదిలో కూచోకుండా ఆదివారంలోకి అడుగుపెట్టినవాళ్ళు టైమి ఇంట్లో ఎవరూ లేరు. కాలేజీకి వెళ్ళే పిల్ల శుభ్రంగా ఉండాలని వాళ్ళమ్మ ఆ రోజు మరీ పట్టుబట్టింది. బర్చి చెట్టు రెమ్మల కట్టతో వీపూ చేతులూ చరిచి చరిచి తోమింది. పొద్దున లేచి చూసుకుంటే నీలి సున్నా లేదు, ముంజెయ్యంతా ఎర్రటి చారలు.

ప్రెంటిస్ ఆ చేతిని ముట్టుకోను కూడా లేదు. కళ్ళజోడు పైనుంచి చూసింది.

"ఒక్క శనివారం ఆ గదిలో ఉడక్కపోతే మీవాళ్ళకి ప్రాణాలు పోతాయా?" అంది. కాగితం మీద 'చదవడానికి వీల్లేదు' అని రాసి సంతకం పెట్టింది. టైమి సీటు చర్చిలో ఆర్గన్ వాయించే ఆవిడ కూతురికి వెళ్ళింది. మరుసటేడు కెమిస్ట్రీ కూడా ఉండాలన్నారు. ఆ ఏడే అడవిలో చెట్టు పడి నాన్న నడుం విరిగింది. ఇంక బడీ లేదు, కాలేజీ లేదు. బట్టల గదిలోంచి స్నానాల గదికి మారింది, అంతే.

చెప్పొద్దూ, చాలా ఏళ్ళు టైమి తిట్టుకున్నది తనని తనే. తనని, అమ్మని, ఆ బర్చి కట్టని. పదకొండేళ్ళ కిందట ఒకరోజు ఒక ముసలాయన చెయ్యి దురదకి గోక్కుని కందగడ్డలా ఉంటే, టెస్టు చదవడానికొచ్చిన నర్సు మామూలుగా వేలితో చర్మం తడిమి, "సున్నా" అని రాసుకుంది. "అంత ఎర్రగా ఉంది కదమ్మా?" అని టైమి అడిగింది. "ఎర్రదనం లెక్కలోకి రాదు టైమీ. లోపల గట్టిపడిందా లేదా అన్నదే లెక్క. గట్టిపడకపోతే జబ్బు లేనట్టే. మొదటి నెల్లోనే నేర్పుతారు" అంది నర్సు.

మొదటి నెల్లోనే నేర్పుతారట. నేర్పేది ప్రెంటిస్. తెలిసీ అలా రాసిందని ఆ రోజు టైమికి మంట రగిలింది. ఆ మంట మళ్ళీ ఆరలేదు.

చక్రాల కుర్చీలో ప్రెంటిస్‌ని తీసుకొచ్చి, గౌను విప్పి, తొట్టిలోకి దించింది. ఎముకలూ చర్మమూ తప్ప ఏమీ లేదు. తల మాత్రం నిటారుగానే ఉంది. కుడి గుప్పిట్లో ఏదో బిగించి పట్టుకుంది.

"చెయ్యి తెరవండి, కడుగుతాను."

"ఆ చెయ్యి శుభ్రంగానే ఉంది."

సరేలే అనుకుంది టైమి. ఆమెకి కావలసింది ఎడమ చెయ్యి. దాన్ని తన చేతిలోకి తీసుకుంది. నీలి సున్నా ఎంచక్కా ఉంది. ఆ చోటు మీద స్నానాలవాళ్ళు సబ్బు కూడా రాయకూడదు. టైమి కొక్కేనికున్న బ్రష్ తీసుకుంది.

"కోస్కెలా" అంది ప్రెంటిస్. "బ్యాడ్జీ మీద చూశాను."

"పేరు గుర్తుందా?"

"పేర్లు నేను మర్చిపోను. నీ చెయ్యి కూడా గుర్తుంది."

ఆ మాటతో టైమికి ఎక్కడలేని కోపం వచ్చింది. గుర్తుండే పాతికేళ్ళు నిద్రపోయిందన్నమాట మహాతల్లి! బ్రష్ వేసి రుద్దింది. చర్మం చిట్లకుండా ఎంత గట్టిగా తోమొచ్చో ఆమె చేతికి తెలుసు, అంత గట్టిగానూ తోమింది. నీలి గీత నురగలో కలిసిపోయింది. ముంజెయ్యి ఎర్రబడింది, ఇంకా ఎర్రబడింది.

"నొప్పిగా ఉందా?"

"ఉంది."

"ఉండనివ్వండి. ఇప్పుడు చెప్పండి, ఇంత ఎర్రగా ఉంటే చదవొచ్చా, చదవకూడదా?"

ప్రెంటిస్ కుడి గుప్పిట ఇంకాస్త బిగించింది.

"ఇవాళ డ్యూటీ నర్సు డార్సీ. కొత్తపిల్ల, ఎర్రగా ఉంటే హడలిపోతుంది. మీరు మూడంటే మూడు మాటలు చెప్పాలి. 'ఎర్రదనం లెక్కలోకి రాదు.' చెబితే వేలితో తడిమి చూస్తుంది, మంచం మీది, చెల్లెలు మీది. చెప్పకపోతే మూడింటి బండి. నా ఎదురుగా, నాకు వినబడేలా చెప్పాలి."

ప్రెంటిస్ కిటికీలోంచి బయట కురుస్తున్న మంచు వైపు చూసింది.

"నీళ్ళు చల్లారుతున్నాయి" అంది.

ఎనిమిదింబావుకి డార్సీ ఫైలు పట్టుకుని ఆరో గదికి వచ్చింది. ప్రెంటిస్ కిటికీ పక్క కుర్చీలో, ఐనెజ్ మంచం అంచున, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని కూచున్నారు. టైమి తువ్వాళ్ళు సర్దే మిషతో బీరువా దగ్గర నిలబడింది.

"అయ్యయ్యో, ఏంటండీ ఇంత ఎర్రగా ఉంది?" అంది డార్సీ. "గుర్తు కూడా పోయింది! ఎవరిని అడగాలి ఇప్పుడు?"

"నన్నడుగు. ముప్పై ఏళ్ళు ఇదే పాఠం చెప్పాను" అంది ప్రెంటిస్. తల తిప్పి టైమిని చూసింది. టైమి చేతిలో తువ్వాలు ఆగిపోయింది.

"చదవడానికి వీల్లేదు. అలాగే రాయి."

"అక్కా, ఏమంటున్నావే?" ఐనెజ్ అక్క చెయ్యి పట్టి లాగింది. "మరి మంచం?"

"రాయమన్నాను కదమ్మాయ్."

డార్సీ రాసింది. మొహం చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయింది. టైమి కుర్చీ దగ్గరికి వచ్చి వంగింది, మోకాళ్ళు కటుక్కుమన్నాయి.

"ఎందుకిలా చేశారు?"

"ఇవాళ ఇంకోలా రాయిస్తే ఆ రోజు నేను అబద్ధం రాసినట్టవుతుంది."

"అబద్ధమే రాశారు!"

"నీకు తెలుసు. నాకు తెలుసు. కాగితానికి తెలీదు" అంది ప్రెంటిస్. "నా కోటు తీసుకురా. బండి వేళకి తయారుగా ఉండాలి."

టైమి కోటు తెచ్చి తొడిగింది, టోపీ కూడా పెట్టింది. నాలుగో స్నానం, అయిదో స్నానం చేయించింది. తొమ్మిదిన్నరకి సిబ్బంది గదిలో కాఫీ పోసుకుని, ఇంటినుంచి తెచ్చుకున్న యాలకుల రొట్టె తుంచి నోట్లో పెట్టుకుంది. మిగతాది పక్కన పెట్టేసింది. నడవలోంచి ఐనెజ్ ఏడుపు సన్నగా వినిపిస్తూనే ఉంది, ఉన్నట్టుండి అది ఆగింది.

నిజానికి టైమి సంతోషించాలి. తన సీటు పోయినట్టే ఆవిడ మంచం పోయింది, అవే మాటలతో, ఆదివారమే. పగ తీరిందంటే ఇదేగా! అయినా ఒళ్ళు మండిపోతోంది. ఆ మూడు మాటలు అనాల్సివస్తుందని చూపులేని చెల్లెల్ని వదిలేసి పోవడానికి సిద్ధపడిందా మనిషి. పైగా తన అబద్ధానికి రెండో సాక్ష్యంగా ఇంకో కాగితం పుట్టించింది. దానికి సాయం చేసింది టైమి బ్రష్షే. అంటే మళ్ళీ ఆవిడే నెగ్గింది.

నెగ్గనివ్వను, అనుకుని లేచింది టైమి. అది జాలి కాదు. జాలి అని ఎవరైనా అంటే కాఫీ మొహాన కొట్టేదే.

డార్సీ బల్ల దగ్గరికి వెళ్ళి, "ఆ చెయ్యి మళ్ళీ చూడు" అంది.

"ఆవిడే వీల్లేదన్నారు కదా టైమీ?"

"ఆవిడ ఏమైనా అంటుంది. ఎర్రదనం లెక్కలోకి రాదు. వేలు పెట్టి తడమాలి, గట్టిగా ఉంటే కొలవాలి, లేకపోతే సున్నా. కాగితం కొట్టేసి మళ్ళీ రాయి. పదింటిదాకా టైముంది."

"నిజమే కదూ! చదివాను, పరీక్షలో రాశాను కూడా. భయంలో తట్టనేలేదు." డార్సీ నాలిక్కరుచుకుంది. "మీకెలా తెలుసు?"

పదకొండేళ్ళుగా ఇంకొకరి నోట వినాలనుకున్న మాట తన నోటినుంచే ఊడిపడిందని టైమికి అప్పుడే తెలిసొచ్చింది.

ఆరో గది తలుపు దగ్గరికి వేసి ఉంది. ప్రెంటిస్ కోటూ టోపీతో కుర్చీలో వెనక్కి వాలి ఉంది. సంచీ కాళ్ళ దగ్గరుంది. ఐనెజ్ అక్క చేతిని తన రెండు చేతుల మధ్యా పెట్టుకుని వెచ్చచేస్తోంది.

"మెల్లగా రండమ్మా" అంది ఐనెజ్. "'ఏడవకు, పడుకోనీ' అంది అక్క. ఇప్పుడే కళ్ళు మూసుకుంది. చేతులే, మరీ చల్లగా ఉన్నాయి."

డార్సీ వంగి ప్రెంటిస్ మణికట్టు పట్టుకుంది, మెడ దగ్గర వేళ్ళు పెట్టింది, చెవి ముక్కు దగ్గర ఆనించింది. టైమి వైపు చూసి తల అడ్డంగా ఊపింది. గోడగడియారంలో తొమ్మిదీ నలభై అయింది.

టైమి నేల మీద మోకరిల్లింది. కోటు చెయ్యి పైకి మడిచి, ముడతల వేలితో ఆ చర్మం మీద అటునుంచి ఇటు, పైనుంచి కిందికి తడిమింది. మెత్తగా ఉంది. ఎక్కడా గట్టిదనం లేదు.

"సున్నా" అంది. "రాయి."

"టైమీ..."

"ఇంకా ఇరవై నిమిషాలుంది. రాయి!"

"పోయినవాళ్ళకి రాయకూడదు టైమీ" అంది డార్సీ, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ. ఫైలు మూసి గుండెలకి హత్తుకుంది. 'చదవడానికి వీల్లేదు' అన్న మాట అందులో అలాగే ఉండిపోయింది. అప్పుడే ఐనెజ్‌కి అర్థమయింది. ఆవిడ అక్క చేతిని వదలలేదు, పెద్దగా ఏడవలేదు కూడా. "మూడింటి బండి వద్దని చెప్పండి" అంది, అంతే.

ఆఖరి స్నానం కూడా టైమి పనే. మధ్యాహ్నం స్నానాల గది తలుపు వేసుకుని, గోరువెచ్చటి నీళ్ళతో, బ్రష్ ముట్టకుండా, మెత్తటి గుడ్డతో తుడిచింది. ఎడమ ముంజెయ్యి దగ్గర కొంచెం ఆగి, దాన్నీ తుడిచింది. "మూడు మాటలు" అంది పైకే. "మూడు మాటలకి నీ సొమ్మేం పోయేది, ముసలిదానా?" ఏడుపొచ్చింది. ఎవరి కోసమో తెలీక ఇంకా కోపమొచ్చింది.

కుడి గుప్పిట ఇంకా బిగిసే ఉంది. పొద్దుట్నించీ తెరవని గుప్పిట. ఒక్కో వేలూ నెమ్మదిగా విప్పింది. లోపల బొటనవేలంత పొడుగు ప్లాస్టిక్ స్కేలుంది, టీబీ టెస్టు చదివేటప్పుడు గట్టిదనాన్ని కొలిచేది. అరిగి పసుపురంగు తిరిగింది, వెనక కాలేజీ ముద్ర సగం చెరిగిపోయింది. ప్రెంటిస్ స్నానానికి వస్తూనే తెచ్చుకుంది. నర్సు వేలితో తడిమి, కొలవడానికి అడిగితే ఇద్దామని తెచ్చుకుంది. చెయ్యి చాచి అడిగే మనిషి రాకముందే బ్రష్ వచ్చింది.

టైమి స్కేలు తీసి పక్కన పెట్టి, ఆ చేతులు రెండూ గుండెల మీద సర్ది, దుప్పటి కప్పి, దీపం ఆర్పి వెళ్ళిపోయింది. తొట్టి అంచు మీద స్కేలు తడితడిగా మిగిలింది, ఒక నీటిచుక్క సరిగ్గా సున్నా దగ్గర నిలిచి.